మాల్కత్త పంచాంగం

మాల్కత్త తన డెబ్బయ్యేళ్ళ పైచిలుకు జీవితంలో ఒక్క పండుగనైనా దాని తేదీకి చేసిన పాపాన పోలేదు.

ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. మోంటెవీడియోలో వీయా మూన్యోస్ పేటకు వెళ్ళి ఏ యూదుల ఇంటి తలుపు తట్టినా ఇదే చెబుతారు. ఊరంతా ఎనిమిది రాత్రులూ హనుక్కా దీపాలు వెలిగించి, కారిన మైనం గీకి, సెమ్మెలు అటకెక్కించి, అక్కడ నడివేసవి అయిన డిసెంబరు ఎండకు తాళలేక నీళ్ళ ఒడ్డుకు పోయాక ఆవిడ కిటికీలో మొదటి దీపం వెలిగేది. యూదుల కొత్త సంవత్సరం తియ్యగా గడవాలని అందరూ తేనె కేకు తిని, ఆ కేకు అరిగిపోయి, పాత సంవత్సరపు తగాదాలు మళ్ళీ అందుకున్న తరవాత ఆవిడ తేనె కొనడానికి సంచీ పట్టుకుని బయల్దేరేది.

పూరీము పండుగకు వేషాలు వేసుకోవడం ఆచారం. ఒక ఏడు మాల్కత్త ఆ పండుగ వెళ్ళిన వారానికి పారశీక దేశపు ఎస్తేరు రాణి వేషంలో, నెత్తిన బంగారు కాగితం కిరీటంతో, ఒళ్ళో మిఠాయి బుట్టతో సిటీ బస్సెక్కింది. మోంటెవీడియోలో కార్నివాల్ వేషాల జాతర మొదలైతే నెల దాటినా ఆగదు. అందువల్ల బస్సులో ఒక్కరూ తలెత్తి చూడలేదు. డ్రైవరు మాత్రం టికెట్టు ఇస్తూ, "ఏ బృందం అమ్మా మీది?" అని అడిగాడు.

"పారశీక దేశం, నాయనా."

"ఈ ఏడు బహుమతి మీకేనా?"

"మాకు ఎప్పుడూ ఆలస్యంగా వస్తుంది," అని ఆవిడ అతనికి ఒక మిఠాయి ఇచ్చి దిగిపోయింది.

తేదీ తప్పిందని ఎవరైనా అంటే ఆవిడ మొహంలో అపరాధ భావం మచ్చుకైనా కనబడదు.

"అత్తా, పండుగ వెళ్ళిపోయింది కదా."

"వెళ్ళిపోయిందా? నాకు చెప్పకుండానే?"

కారణాలు మటుకు ఎప్పటికప్పుడు తాజావి. ఒకసారి, మాంసం కొట్టువాడు ఉచితంగా ఇచ్చే కేలండరు మీద కాఫీ ఒలికింది. ఇంకోసారి కళ్ళజోడు కనబడలేదు. మరీ గట్టిగా నిలదీస్తే చంద్రుడి మీదికి నెట్టేసేది. "మన పండుగలన్నీ చంద్రుణ్ణి చూసి పెట్టినవి. యెరూషలేములో ఆయన నిటారుగా ఉంటాడు. ఇక్కడ, భూమికి అడుగున, తలకిందులుగా వేలాడుతుంటాడు. అలా వేలాడేవాణ్ణి తేదీ అడిగితే ఏం చెబుతాడు పాపం?"

ఒకసారి పేట మతగురువు రబ్బీ గారే ఇంటికొచ్చి మెల్లగా కదిపారు. ఆయనకు టీ పోసి, బిస్కట్లు పెట్టి, మాల్కత్త అంది: "అయ్యా, ఈ దేశంలో ప్రభుత్వమే ఈస్టరు వారానికి పర్యాటక వారం అని పేరు పెట్టింది. క్రిస్మసుకు కుటుంబ దినం అని పెట్టింది. ఏకంగా పేర్లే మార్చేసినవాళ్ళని మీరెవరూ ఏమీ అనరు. నాలుగు రోజులు అటూ ఇటూ జరిపిన ముసలిదాన్ని పట్టుకున్నారు." రబ్బీ గారు బిస్కట్లు తిని వెళ్ళిపోయారు.

మాల్కత్త మతిమరుపులో ఒక చిన్న మెలిక ఉందని మొదట కనిపెట్టింది సిల్వానా. "గమనించావా నోయెమీ? ప్రాయశ్చిత్త దినం ఉపవాసం మాత్రం ఆవిడ తేదీకి తేదీ ఉంటుంది. పొద్దు కుంగే వేళ తప్పదు. తినే పండుగలకే మతిమరుపు."

నోయెమీ నవ్వింది. అక్కడితో ఆ మాట మరిచిపోయింది.

నోయెమీ, సిల్వానా కలిసి ‘రెండో బంతి’ అని ఒక వెబ్ పత్రిక నడుపుతారు. అది పుట్టింది ఒక సింకు దగ్గర. చాలా ఏళ్ళ కిందట, ఎవరింట్లోనో పస్కా పండుగ రాత్రి, ముందు గదిలో మగవాళ్ళు ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైన పాట గొంతెత్తి పాడుతుంటే వంటింట్లో వీళ్ళిద్దరూ జిడ్డు పళ్ళేలు తోముతున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతకుముందు పరిచయం లేదు. పళ్ళేలు పూర్తయ్యేసరికి పత్రిక పేరు ఖాయమైపోయింది. సిల్వానా హైస్కూల్లో చరిత్ర చెబుతుంది. నోయెమీ ఇంట్లో కూచుని అనువాదాలు చేస్తుంది. పండుగల్లో ఆడవాళ్ళు ఎక్కడ కూచుంటారు, ఎక్కడ నిలబడతారు, తండ్రి పోతే కూతురు ప్రార్థన చదవచ్చా, శాస్త్రం ఏమంటుంది, శాస్త్రం పేరు చెప్పి మనుషులు ఏమంటారు, ఇలాంటివన్నీ రాస్తారు. మెక్సికో నుంచి కూడా చదివేవాళ్ళున్నారు.

మాల్కత్త అందులోకి వచ్చింది వ్యాఖ్యల దారిన. పస్కా పళ్ళెంలో ఆనవాయితీ వస్తువులతో పాటు ఆడవాళ్ళ గౌరవార్థం ఒక నారింజ పండు పెట్టాలా వద్దా అని పత్రికలో పెద్ద చర్చ జరిగింది. పండితులు, పండితురాళ్ళు పేజీలకు పేజీలు రాశారు. అన్నిటి కిందా, చర్చ ముగిసిన రెండు వారాలకు, మాల్కత్త ఒక్క ముక్క రాసింది: "నారింజ పెట్టండి, తప్పులేదు. తిన్నాక తొక్కలు ఎవరు ఎత్తాలో కూడా రాయండి."

పత్రిక మొత్తంలో అంతమంది మెచ్చుకున్న వాక్యం మరొకటి లేదు. సిల్వానాయే స్వయంగా వెళ్ళి, పండుగ పండుగకూ ఒక శీర్షిక రాయమని అడిగింది. ఆ తరవాత చాలాకాలం విచారించింది.

ఎందుకంటే శీర్షికలో తేదీలు కూడా ఉంటాయి.

"మాల్కా గారూ, మీ తేనె కేకు బాగా వచ్చింది. కొత్త సంవత్సరం అయిపోయింది కాబట్టి మా కుక్క పుట్టినరోజుకు చేశాం," అని ఒకామె రాసింది. ఇంకొకామె మాల్కత్త చెప్పిన తేదీని నమ్మి, వేషం వేయించి పిల్లవాణ్ణి బడికి పంపింది. వాడు సింహం తోకతో లెక్కల పరీక్ష రాశాడు. ఇవన్నీ సిల్వానా భరించింది. కాని బ్యూనోస్ ఐరిస్‌లో ఎవరో పెద్దమనిషి ఆ శీర్షికను తన పేజీలో పెట్టి, పైన ‘ఆడవాళ్ళ పంచాంగం’ అని రాసి, నవ్వే బొమ్మలు అతికించాడు. అది మాత్రం భరించలేకపోయింది.

"మనకూ శాస్త్రం తెలుసు, మనమూ చదవగలం, చెప్పగలం అని ఇన్నేళ్ళుగా గొంతు చించుకుంటున్నాం. తీరా మన పత్రికలోనే పండుగ ఎప్పుడో తెలియదు. పస్కా లోపల ఆవిడ్ని మానిపించాలి. నువ్వే చెప్పు."

"నేనా?"

"నేను చెబితే పోట్లాట అవుతుంది. నువ్వు చెబితే ఇద్దరూ ఏడుస్తారు. అది నయం."

నోయెమీకి ఆ ఏప్రిల్‌లో ఏడవడానికి వేరే కారణం అక్కర్లేదు. అంతకుముందు వేసవిలో ఆమె, భర్త ఎర్నాన్ విడిపోయారు. కేకలు, గిన్నెలు విసురుకోవడాలు ఏమీ లేవు. ఒకరోజు అతని పుస్తకాలు పోయిన చోట గోడ తెల్లగా బయటపడింది, అంతే. కూతురు యాయెల్‌కు ఏడేళ్ళు. ఈ ఏడు పస్కా తండ్రి దగ్గర, వచ్చే ఏడు తల్లి దగ్గర అని ఒప్పందం రాసుకున్నారు. రాసుకునేటప్పుడు అది న్యాయంగానే కనబడింది.

పస్కా విందులో అందరికన్నా చిన్నవాళ్ళు లేచి నిలబడి ప్రశ్నలు పాడాలి. ఈ రాత్రి మిగతా రాత్రులకన్నా ఎందుకు వేరు, అని మొదలవుతుంది ఆ పాట. ఆ ఏడు యాయెల్ మొదటిసారి పుస్తకం చూడకుండా పాడబోతోంది. నెల్లాళ్ళుగా ఇంట్లో అదే సాధన. స్నానాల గదిలో పాడేది, బూట్లు వేసుకుంటూ పాడేది. మూడో ప్రశ్న దగ్గర ప్రతిసారీ గొంతు జారేది. నోయెమీ పక్కన కూచుని అందించేది. తను నేర్పిన పాట తను వినబోదని పిల్లకు చెప్పలేదు. పిల్లకు తెలుసు. అది కూడా చెప్పలేదు.

పండుగకు ముందటి వారం, ముసురు పట్టిన ఒక సాయంత్రం, నోయెమీ గొడుగు వేసుకుని మాల్కత్త ఇంటికి వెళ్ళింది. పాత మేడ, రెండో అంతస్తు. మెట్ల మీద ఎవరింట్లోనో ఉల్లిపాయలు వేగుతున్న వాసన. మాల్కత్త తలుపు తీసింది. చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకు కషాయం గొట్టంతో పీల్చే బుర్ర. నిద్రలో కూడా ఆవిడ అలాగే ఉంటుందని పేటలో చెప్పుకుంటారు.

"అత్తా, ఒక మాట చెప్పాలి."

"చెడ్డ మాటేనా?"

"ఊఁ."

"అయితే ముందు మాతే తాగు. చెడ్డ మాట చల్లారినా పరవాలేదు, ఇది చల్లారితే బాగుండదు."

నోయెమీ తాగి బుర్ర తిరిగి ఇచ్చింది. "ఇకమీదట ఆ శీర్షిక సిల్వానా రాస్తుంది, అత్తా."

మాల్కత్త బుర్రలో నీళ్ళు పోసుకుని, అడుగున గొట్టం గురగురమనేదాకా పీల్చింది. కిటికీ అద్దం మీద చినుకులు జారుతున్నాయి.

"మంచిదే. సిల్వానాకి తేదీలు బాగా వచ్చు. వంట రాదు గాని."

"కోపం వచ్చిందా?"

"కోపం కూడా నాకు వేళకి రాదమ్మాయ్. వచ్చే వారం వస్తుందేమో చూద్దాం."

నోయెమీ నవ్వబోయింది. నవ్వు సగంలో వేరే దారి పట్టింది. మాల్కత్త అది చూడనట్టే లేచి, బిస్కట్ల డబ్బా మూత తీసి ముందు పెట్టింది.

"పిల్ల పస్కాకి ఎక్కడుంటుంది?"

"ఎర్నాన్ వాళ్ళతో. పూంతా దెల్ ఎస్తేలో, సముద్రం ఒడ్డున, వాళ్ళ నాన్నగారి ఇల్లుంది కదా. రెండు రాత్రులూ విందు అక్కడే. పర్యాటక వారమంతా అక్కడే."

"తిరిగి ఎప్పుడు తెస్తాడు?"

"ఆదివారం."

"పొద్దునా, సాయంత్రమా?"

"మధ్యాహ్నానికి. ఎందుకత్తా?"

"ఊరికే. వానలు కదా. రోడ్డు బాగుండదు."

మెట్లు దిగుతుంటే నోయెమీకి తను ఒక ముసలామెను ఉద్యోగంలోంచి తీసేసి, ఆవిడ బిస్కట్లు తిని వస్తున్నానని తోచింది. రబ్బీ గారు గుర్తొచ్చారు.

పండుగ రాత్రి వాన పెరిగింది. పర్యాటక వారం కావడంతో ఊరు ఊరంతా ఖాళీ. ఎదుటి మేడలో ఒక్క కిటికీలోనూ దీపం లేదు. సిల్వానా రమ్మని పిలిచింది. వాళ్ళ అత్తవారింటి బల్ల చుట్టూ ఇరవైమంది ఉంటారు. జలుబని నోయెమీ అబద్ధం చెప్పింది. గుడ్డు ఉడకబెట్టుకుంది. పొంగని రొట్టె రెండు ముక్కలు, చేదు కూర ఒక ఆకు పళ్ళెంలో పెట్టుకుంది. పిల్లలు లేకపోతే పెద్దవాళ్ళు ప్రశ్నలు అడగాలి. ఒక్కరే ఉంటే తమను తామే అడుక్కోవాలి. శాస్త్రం అంతవరకూ ఆలోచించి పెట్టింది. ఈ రాత్రి మిగతా రాత్రులకన్నా ఎందుకు వేరు, అని నోయెమీ పైకి అనుకుంది. జవాబు ఆమెకు తెలుసు. అది పుస్తకంలో ఉన్న జవాబు కాదు. పుస్తకం మూసి, గుడ్డు తిని, పళ్ళెం కడిగేసింది. ఒక్క పళ్ళెం కడగడానికి ఎంతసేపు పడుతుంది.

ఫోను మోగింది.

"అమ్మా, పాడేశాను."

"మూడోది?"

"జారలేదు. తాతయ్య వీడియో తీస్తూ నవ్వకు, నవ్వకు అన్నాడు. నాకసలు నవ్వే రాలేదు. అమ్మా, నువ్వు విన్నావా?"

"ఇక్కణ్ణుంచా?"

"గట్టిగానే పాడాను."

సిల్వానా ఫోను చేసింది. చెల్లెలు బ్రెజిల్ నుంచి చేసింది. ప్రతి మనిషి పుట్టినరోజునూ వారం ఆలస్యంగానైనా గుర్తుపెట్టుకునే మాల్కత్త మాత్రం ఆ రాత్రి చేయలేదు, మర్నాడూ చేయలేదు. కోపం ఈసారి వేళకే వచ్చినట్టుంది అనుకుంది నోయెమీ.

ఆదివారం మధ్యాహ్నం ఎర్నాన్ పిల్లను దింపి, మెట్ల దగ్గరే చేతులూపి వెళ్ళిపోయాడు. యాయెల్ సంచీ నిండా తడి ఇసుక. ఆ సంచీ దులుపుతుండగా ఫోనులో మాల్కత్త గొంతు రికార్డయి వచ్చింది. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో దగ్గడం.

"నోయెమీ, ఏడు గంటలకల్లా వచ్చేయండి. గుడ్లు ఉడుకుతున్నాయి. పస్కా రాత్రి పూట పిల్లని ఆకలితో ఉంచకూడదు. మంచి గౌను వెయ్యి."

నోయెమీ వెంటనే ఫోను చేసింది. "అత్తా, పస్కా విందు బుధవారమే అయిపోయింది."

"బుధవారమా? ఎవరు చెప్పారు?"

"కేలండరు."

"నా కేలండరు మీద కాఫీ ఒలికింది. సరే, గుడ్లు నలభై దాకా ఉన్నాయి. నేనొక్కదాన్నే తింటే ఆ పాపం నీదే." పెట్టేసింది.

యాయెల్ అప్పటికే గౌను వెతుకుతోంది.

మాల్కత్త ఇంట్లో మూడు బల్లలు కలిపి ఒకటి చేసి, పైన తెల్ల దుప్పటి పరిచి ఉంది. బల్లలు ఒకే ఎత్తు కావు. కుడివైపు కూచున్నవాళ్ళు కొండ మీద, ఎడమవైపు వాళ్ళు లోయలో ఉన్నట్టుంది. పేటలో నోయెమీ చూసిన మొహాలే. ఆసుపత్రిలో నర్సు దీనా. రెండు పండుగ రాత్రులూ ఆమెకు డ్యూటీ. పిల్లలున్న నర్సులకు సెలవిచ్చారు, ఆమెకు పిల్లల్లేరు. సమాజ భవనంలో వంట చేసే అదేలా. రెండు రాత్రులూ ఊరి పెద్దలందరికీ వండి వడ్డించింది. చెల్లెలి ఇంట్లో పిలవడం మానేసిన ఒక పెద్దావిడ. నోయెమీలాగే ఒంటరిగా ఉంటున్న తల్లులు ఇద్దరు, పక్కనే వాళ్ళ పిల్లలు. ఆ పిల్లల చెప్పుల్లోంచి కూడా ఇసుక రాలుతోంది.

అందరూ మంచి బట్టల్లో ఉన్నారు. దీనా ముత్యాలు పెట్టుకుంది. తేదీ గురించి ఒక్కరూ మాట ఎత్తలేదు.

"మీరు ఇక్కడికి ఎప్పట్నుంచి వస్తున్నారు?" అని నోయెమీ మెల్లగా దీనాను అడిగింది.

"ఏది, పస్కాకా? పదేళ్ళు దాటి ఉంటుంది. కొత్త సంవత్సరానికి కూడా వస్తాను. నీకెప్పుడూ చెప్పలేదా ఆవిడ?" అని దీనా ఆమెను ఎగాదిగా చూసింది. "ఆఁ, నీకు అప్పుడు ఇల్లు ఉండేది కదా."

నీళ్ళ కూజా తేవడానికి నోయెమీ వంటింట్లోకి వెళ్ళింది. గోడకు మాంసం కొట్టు కేలండరు వేలాడుతోంది. దాని మీద కాఫీ చుక్క కూడా లేదు.

అదేలా పొయ్యి మీద పులుసు కలుపుతోంది. నోయెమీ చూపు ఎక్కడుందో చూసింది.

"ఈవిడ కొడుకు ఇసాక్ చిన్నప్పుడు మొదలైంది ఇది," అంది, గరిటె ఆపకుండా. "మొగుడి తరఫువాళ్ళు ప్రతి పండుగకీ పిల్లాణ్ణి ఓడెక్కించి బ్యూనోస్ ఐరిస్ తీసుకుపోయేవాళ్ళు. అప్పట్లో అడగడానికి ఎవరున్నారు? వాడు తిరిగొచ్చిన రోజు ఈవిడ బల్ల మీద దుప్పటి పరిచి, నాయనా ఇవాళే పండుగ అనేది. వాడు నమ్మి, బళ్ళో కూడా అదే రాసి తన్నులు తిన్నాడు. ఇప్పుడు కార్దోబాలో పెద్ద ఇంజనీరు. ఈనాటికీ ఫోను చేసి, అమ్మా పండుగ ఎప్పుడు అంటాడు. మంచి గడుగ్గాయి."

"మరి కేలండరు?"

"ఆవిడకి వచ్చే ఏడాదిది కూడా నోటికొచ్చు. నువ్వు అడగకు. అడిగితే చంద్రుడి గోల మొదలెడుతుంది. పులుసు చల్లారిపోతుంది."

కూజా తీసుకుని నోయెమీ బయటికొచ్చేసరికి పిల్లల మధ్య తగువు నడుస్తోంది. ప్రశ్నలు అందరికన్నా చిన్నవాళ్ళే పాడాలి. ఆ లెక్కన నాలుగేళ్ళవాడు పాడాలి. వాడు బల్ల కిందికి దూరి రానంటున్నాడు.

"వాడు బల్ల కింద ఉన్నాడు కాబట్టి పైన ఉన్నవాళ్ళలో చిన్నదే లెక్క," అని మాల్కత్త తీర్పు చెప్పింది. "యాయెల్, లే."

యాయెల్ లేవలేదు. "మాల్కా బామ్మా, నేను ఒకసారి పాడేశానుగా. రెండుసార్లు పాడొచ్చా?"

"ఎక్కడ పాడావు?"

"తాతయ్య వాళ్ళింట్లో. అందరూ ఉన్నారు."

"మీ అమ్మ ఉందా?"

యాయెల్ తల అడ్డంగా ఊపింది.

"అయితే అది సాధన," అంది మాల్కత్త. "ఊఁ, కానీ."

పిల్ల గౌను సర్దుకుని నిలబడింది. నోయెమీ కూజా ఇంకా దించలేదు. ఈ రాత్రి మిగతా రాత్రులకన్నా ఎందుకు వేరు, అని యాయెల్ పాడింది. బయట వాన, కిటికీలో ఎర్రటి వీధి దీపం. మొదటి ప్రశ్న అయింది, రెండోది అయింది. మూడో ప్రశ్న దగ్గర గొంతు జారింది. పిల్ల ఆగి తల్లి వైపు చూసింది. నోయెమీ అందించింది. జారినందుకు అంత సంతోషించిన తల్లి ఆ ఊళ్ళో మరొకరు ఉండరు.

పాట అయ్యాక పుస్తకంలోని జవాబు చదవాలి. మాల్కత్త ఇంట్లో పుస్తకం తెరవడానికి ముందు ఎవరి జవాబు వాళ్ళు చెప్పే అలవాటు ఉంది. అందరూ వంటింటి గుమ్మం వైపు చూశారు. అదేలా చేతులు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీ లాక్కుని, కాళ్ళు చాపి, వెనక్కి జారగిలబడింది.

"ఈ రాత్రి ఎందుకు వేరంటే," అంది, "నేను కూచున్నాను."

"ఆ పులుసు ఎవరు వడ్డిస్తారు మరి?" అని దీనా అడిగింది.

"నేను కూచున్నానని చెప్పానా లేదా?"

మాల్కత్తే లేచింది. గరిటె పట్టుకుని కొండ మీదివాళ్ళకు, లోయలోవాళ్ళకు అందరికీ పోసింది. నోయెమీ పళ్ళెం దగ్గర ఆగి, మామూలు గొంతుతో, "ఆ బుధవారం కబురు నిజమేనంటావా అమ్మాయ్? ఎవరో ఒకరు ముందుగా చెప్పి ఉంటే బాగుండేది," అంది.

మర్నాడు నోయెమీ సంగతంతా సిల్వానాకు చెప్పింది.

"అంటే తెలిసే తప్పు రాస్తోందన్నమాట. ఇంకా ఘోరం."

"శీర్షిక ఆవిడకే ఇచ్చేద్దాం, సిల్వానా."

"ఇంటికి పిలిచి అన్నం పెట్టడం వేరు, పత్రికలో రాయడం వేరు. ఆ బ్యూనోస్ ఐరిస్ పెద్దమనిషికి నువ్వు జవాబు చెబుతావా?"

"ఆయన పండుగనాడు ఎప్పుడైనా పళ్ళెం కడిగాడేమో అడుగుతాను."

వాదన వారం రోజులు నడిచింది. చివరికి శీర్షిక తిరిగి మాల్కత్త చేతికి వచ్చింది. దాని కింద సిల్వానా సన్న అక్షరాలతో ఒక పంక్తి పెట్టింది: ‘పైన ఇచ్చిన తేదీలు మాల్కా గారివి. అసలు తేదీలకు రబ్బీ గారిని అడగండి.’ ఆ పంక్తి చూసి మాల్కత్త మురిసిపోయింది. అసలు తేదీలు రబ్బీ దగ్గర ఉంటే తన దగ్గర ఉన్నవి ఇంకా ముఖ్యమైనవి కాబోలని అందరికీ చూపించుకుంది.

పస్కా అయిన ఏడు వారాలకు వారాల పండుగ వచ్చేసరికి చలి ముదిరింది. ఆ పండుగకు జున్ను పెట్టి మడిచిన అట్లు పోయాలి. అది అందరి ఇళ్ళలోనూ అయిపోయిన వారానికి, ఆనవాయితీ ప్రకారం, మాల్కత్త పెనం పొయ్యి మీదికెక్కింది. ఎగుడుదిగుడు బల్ల చుట్టూ పాతవాళ్ళంతా చేరారు. యాయెల్ లోయవైపు కుర్చీ తనదని బల్ల అంచున పేరు కూడా రాసుకుంది.

తలుపు చప్పుడైంది. నోయెమీ వెళ్ళి తీసింది. గుమ్మంలో సిల్వానా. గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కుడి మణికట్టు మీద నూనె చింది కాలిన మచ్చ, ఇంకా పచ్చిగానే ఉంది.

"నేను తినడానికి రాలేదు," అంది లోపలికి వినబడేలా. "అత్తా, తేదీ తప్పని చెప్పిపోదామని వచ్చాను. వారాల పండుగ పోయిన వారమే వెళ్ళిపోయింది."

"వెళ్ళిపోయిందా?" మాల్కత్త పెనం దగ్గర్నుంచి తిరిగింది. "నాకు చెప్పకుండానే?"

"వెళ్ళిపోయింది. మా ఇంట్లోనే చేశాం. అత్తవారి తరఫు అందరూ వచ్చారు. నేనే పోశాను అట్లు."

"బాగా వచ్చాయా?"

"బాగున్నాయన్నారు."

"అన్నారు సరే. నువ్వు తిన్నావా?"

సిల్వానా గొడుగు ముడవడానికి ప్రయత్నించింది. అది ముడుచుకోలేదు.

"అయితే ఇంకా వెళ్ళిపోలేదు," అంది మాల్కత్త. "అదేలా, ఆ కుర్చీ ఇలా జరుపు."

"నేను కూచున్నాను," అంది అదేలా. దీనా జరిపింది. పెనం మీంచి అట్టు నేరుగా పళ్ళెంలోకి వచ్చింది, అంచుల్లో నురగ ఇంకా అణగలేదు. సిల్వానా తడి కోటుతోనే కూచుంది.

"అయినా సరే, తేదీ తప్పే," అంది చివరికి, నోటినిండా అట్టుతో.